ల్వార్ ఒడ్డున ఒక పురుడు

మా అమ్మాయి తొలిచూలు కబురు ఫోనులో చెప్పినప్పుడు మేము చేసిన మొదటి పని దేవునికి కృతజ్ఞతలు చెప్పుకోవడం. రెండవ పని శొంఠి, వాము, మిరియాలు, పిప్పళ్లు ఎంతెంత దంచి పట్టుకెళ్ళాలో లెక్క వేయడం. తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది మనకు తరతరాలుగా వస్తున్న మాట. కాని పిల్ల రాలేనన్నది. ఉద్యోగం అక్కడ, చూస్తున్న డాక్టర్లు అక్కడ, భర్త అక్కడ. ఇక పుట్టింటినే మూటగట్టుకొని మేము బయలుదేరవలసి వచ్చింది.

అలా 2022 మే నెలలో రాజమండ్రి నుండి ఫ్రాన్సు దేశంలోని తూర్ అనే పట్టణానికి చేరాము. మేమిద్దరం ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించినవాళ్లం. ఆరు నెలల వీసా చేతిలో ఉంది. పారిస్ నుండి వేగంగా పోయే రైలులో గంటంబావు ప్రయాణం. ఊరికి ఉత్తరాన ల్వార్ నది, దక్షిణాన షేర్ నది. జనాభా లక్షా ముప్పై వేలు దాటుతుంది. మన లెక్కలో పెద్ద ఊరేమీ కాదు.

మా పెట్టెల్లో మందులు, పచ్చళ్లు, పాత నూలు చీరలు ఉన్నాయి. ఎవరికీ చెప్పని ఆలోచన కూడా ఒకటి ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బిడ్డను మాతో తీసుకొచ్చేయాలని! ఇద్దరూ ఉద్యోగస్థులు. అయినవాళ్లెవరూ లేని ఊరు. మూడేళ్లు వచ్చేవరకు మన దగ్గర పెరిగితే తల్లికి సుఖం, బిడ్డకు సుఖం అనుకున్నాము. మాకెంత సుఖమో మాత్రం పైకి అనుకోలేదు.

చేరిన మర్నాడు ఉదయమే తాతయ్య రొట్టెల కొట్టుకు బయలుదేరారు. (పాఠకులు క్షమించాలి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుండి మా అసలు పేర్లు పోయి అమ్మమ్మ, తాతయ్య అనేవే మిగిలాయి.) లోపలికి వెళ్ళి, వేలు చూపించి, డబ్బులు పెట్టి నిలబడ్డారు. కొట్టు ఆమె ముఖంలో చిరునవ్వు లేదు. రొట్టె ఇచ్చింది గాని మాట లేదు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి నవ్వి, "నాన్నగారూ, బోంజూర్ అన్నారా?" అని అడిగింది. అనలేదు. అక్కడ కొట్టులోకి గాని, బస్సులోకి గాని, డాక్టరు గారి వరండాలోకి గాని వెళ్ళినవాడు ముందు బోంజూర్ అనాలి. ఆ తరువాతే పని. మర్నాడు తాతయ్య గుమ్మంలోనే గట్టిగా అన్నారు. వరుసలో ఉన్న అయిదుగురూ వెనక్కు తిరిగి బోంజూర్ అన్నారు. కొట్టు ఆమె ఆ రోజు నవ్వింది.

రొట్టెకు సంచి ఇవ్వరు. మధ్యలో చిన్న కాగితం చుట్టి చేతికిస్తారు. కర్రలా పొడుగ్గా ఉండే ఆ రొట్టెను బగెట్ అంటారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు సగమే అడిగి తీసుకుంటారు. సగానికి కోసి ఇవ్వడం అక్కడ ఎవరికీ చిన్నతనం కాదు. అందులోనే ఇంకో రకాన్ని 'త్రాదిసియోన్' అని అడుగుతారు. దానిలో పిండి, నీరు, ఉప్పు, పులిసిన పిండి తప్ప నిలవ మందులు కలపకూడదని 1993లో ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. మేము తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, 2022 నవంబరు చివర్లో, ఈ బగెట్ చేసే విద్యను యునెస్కో వారు మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చారన్న వార్త పేపర్లో చూసి, మా ఇంటి మనిషికి బిరుదు వచ్చినంత సంతోషించాము.

వంటకు మొదట్లో ఇబ్బంది పడ్డాము. కరివేపాకు లేదు. గోంగూర లేదు. ఒక రోజు సంతలో ఒకావిడ ముందు లేత ఆకుల కట్టలు కనిపించాయి. అమ్మమ్మ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని "పులుపు!" అన్నది. దాని పేరు ఒజెయ్. వాళ్లు సూపులోనూ చేపల కూరలోనూ వేస్తారట. మేము వేయించి, ఎండుమిరపకాయలు చేర్చి నూరాము. అచ్చం గోంగూర కాదు గాని, చెల్లెలి వరస అవుతుంది. అల్లుడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

జూన్ రెండవ వారంలో మాకు మనుమరాలు పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మూడవ రోజున ఇంటికి పంపించారు. అక్కడినుండి మా అసలు పరీక్ష మొదలైంది.

మొదటిది పేరు. మన ఇళ్లలో ఇరవై ఒకటవ రోజో, బాప్తిస్మమో, తాతముత్తాతలను అడిగో నిదానంగా పేరు పెడతారు. అక్కడ పుట్టిన అయిదు రోజుల్లోపల పేరుతో సహా నమోదు చేయించాలి. "మామయ్యగారూ, రేపు మేరీ దగ్గరకు వెళ్ళాలి" అన్నాడు అల్లుడు. మేరీ అంటే వాళ్ల సంఘంలో ఎవరో పెద్దావిడ కాబోలు, ప్రార్థనకు పిలుస్తున్నాడనుకున్నాము. తీరా చూస్తే మేరీ అంటే పురపాలక కార్యాలయం. మేము మనసులో ఉంచుకున్నది అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరు. పిల్లలు తాము అనుకున్న పేరు ముందు రాయించి, ఆ పేరును రెండవదిగా రాయించారు. రెండవదా అని అమ్మమ్మ ఒక పూట మాట్లాడలేదు.

రెండవది మంత్రసాని. అక్కడ ఆమెను సాజ్ ఫామ్ అంటారు. తెలివిగల స్త్రీ అని ఆ మాటకు అర్థం. చదువుకున్న మనిషి, ఆసుపత్రి నుండి వచ్చాక ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుంది. ఆమె వచ్చేసరికి మా గదిలో సాంబ్రాణి పొగ వేసి ఉంది. బిడ్డ తల కింద ఆవాల దిండు ఉంది. పక్కన మెత్తని బొంత ఉంది. కాటుక గిన్నె సిద్ధంగా ఉంది. ఆమె కోప్పడలేదు. కిటికీ తెరిచింది. దిండు తీసింది, బొంత తీసింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు బయటికి ఉండే సంచిలాంటి ఉడుపు తొడిగింది. పసివాళ్లను బోర్లా పడుకోబెట్టవద్దు, పక్కలో దిండ్లు దుప్పట్లు ఉంచవద్దు అని 1990లలో చెప్పడం మొదలుపెట్టిన తరువాత, నిద్రలోనే పిల్లలు పోవడం ఆ దేశంలో చాలా తగ్గిపోయిందని మా అమ్మాయి చేత మాకు చెప్పించింది. పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది. కంటికి కాటుక వద్దన్నది.

"ముగ్గుర్ని పెంచాను. ఎవరికీ ఏమీ కాలేదు" అన్నది అమ్మమ్మ తెలుగులో.

అమ్మాయి ఆ మాట ఫ్రెంచిలోకి మార్చలేదు. తల దించుకుని, "అమ్మా, నువ్వు పెంచినందుకే నేనింత అయ్యాను. కాని ఇది నా బిడ్డమ్మా" అన్నది.

ఆ రాత్రి మేము నిద్రపోలేదు. అవమానం జరిగిందనిపించింది. ఇంత దూరం వచ్చింది ఎందుకు అనిపించింది. తెల్లవారేటప్పటికి తాతయ్య ఒక మాట అన్నారు: "మనం నలభై ఏళ్లు బళ్లో చెప్పాము. కొత్త పాఠం వస్తే పాత పుస్తకం పక్కన పెట్టలేదా?" అమ్మమ్మ జవాబు చెప్పలేదు. కాని ఆవాల దిండు పెట్టెలోకి వెళ్ళిపోయింది.

అన్నీ పోలేదు. సాజ్ ఫామ్ మళ్ళీ వచ్చినప్పుడు అమ్మమ్మ కాళ్లు చాపుకుని బిడ్డను వాటిమీద వేసుకుని కొబ్బరినూనెతో ఒళ్లు పడుతోంది. ఆమె సంచీ కింద పెట్టి, నేలమీదే కూర్చుని, మొదటినుండి చివరిదాకా చూసింది. ఏ వేలు ఎటు కదులుతుందో అడిగింది. మా దగ్గర నేర్చుకోవడానికి కూడా ఏదో ఉందన్నమాట అని ఆ రోజు కడుపు నిండింది.

అల్లుడి సంగతి చెప్పాలి. తండ్రి అయినవాడికి అక్కడ మొదటి మూడు రోజులు, ఆపైన మరో ఇరవై అయిదు రోజులు సెలవు ఉంది. 2021 జూలై నుండి ఈ ఏర్పాటు వచ్చింది. ఆ సెలవులో అతను స్నేహితులతో తిరగలేదు. గుడ్డలు ఉతికాడు, రాత్రి రెండింటికి బిడ్డను ఎత్తుకుని నడిచాడు. "అత్తయ్యగారూ, మీరు పడుకోండి" అనేవాడు. మగవాడు పురిటి గదిలోకి రావడమేమిటి అని మొదట మొహమాటపడిన అమ్మమ్మ, నెల తిరిగేసరికి "మన కాలంలో మీకూ ఇలాంటి సెలవు ఇస్తే బాగుండేది" అని తాతయ్యను దెప్పింది. తాతయ్య దగ్గర సమాధానం లేదు.

మా గోడ పక్కనే ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఫ్రెంచిలో నాయనమ్మను, అమ్మమ్మను మామీ అంటారు. మన 'మామ్మ'కు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మేమామెను మామ్మగారనే పిలిచాము. ఆమె పలికేది మాకు తెలియదు, మేము పలికేది ఆమెకు తెలియదు. గోడమీదుగా టమాటాలు ఇటు వచ్చేవి, పులిహోర అటు వెళ్ళేది.

జూలై మూడవ వారంలో ఎండ ముదిరింది. 18వ తేదీన 40 డిగ్రీల దరిదాపుకు వచ్చింది. రాజమండ్రి ఎండలు చూసినవాళ్లం, ఇదొక ఎండా అని మొదట నవ్వుకున్నాము. కాని ఆ ఇళ్లు చలికోసం కట్టినవి. పంకా లేదు, ఏసీ లేదు. మామ్మగారే మాకు సైగలతో నేర్పింది. పొద్దున్నే కిటికీల చెక్క తలుపులు మూసేయాలి, రాత్రి చల్లబడ్డాక తెరవాలి. 2003 ఆగస్టులో వచ్చిన వడగాడ్పులకు ఫ్రాన్సులో సుమారు పదిహేను వేల మంది అదనంగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులే, చాలామంది ఒంటరివాళ్లే. అప్పటినుండి ప్రతి ఊరి పురపాలక కార్యాలయంలోనూ ఒంటరి వృద్ధులు తమ పేర్లు రాయించుకునే పట్టిక ఒకటి ఉంటుంది. ఎండలు పెరిగినప్పుడు ఆ పట్టిక చూసి ఫోను చేస్తారు. మామ్మగారి అక్కగారు 2003లోనే అలా పోయారని మా అమ్మాయి చెప్పింది. అయినా మామ్మగారు తన పేరు రాయించుకోలేదు. నేనంత ముసలిదాన్ని కాలేదు అన్నదట!

18వ తేదీ సాయంత్రం చల్లబడింది. వీధిలో అందరి కిటికీలు తెరుచుకున్నాయి. మామ్మగారివి తెరుచుకోలేదు. అమ్మమ్మ రెండుసార్లు చూసింది. "నిద్రపోతోందేమో" అన్నాము. మూడవసారి చూసి ఇక ఆగలేదు. వెళ్ళి తలుపు తట్టాము. జవాబు లేదు. అల్లుడు వెనక వాకిలినుండి వెళ్ళి చూస్తే, ఆమె వంటగదిలో కుర్చీ పక్కన నేలమీద కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, లేవలేకపోతోంది. అల్లుడు 15 నంబరుకు ఫోను చేశాడు. అంబులెన్సు డాక్టర్ల నంబరు అది. వాళ్లు ఫోనులో చెప్పినట్టల్లా చేశాము. చల్లని నీళ్లతో ముఖం, మెడ, చేతులు తడిపాము. తాగగలిగితే కొద్దికొద్దిగా పట్టమన్నారు. అక్కడి కొట్లలో 'లే రిబో' అని మజ్జిగ సీసాలు అమ్ముతారు. ఏమైనా పట్టవచ్చా అని అడిగి, సరేనన్నాక అమ్మమ్మ అందులో చిటికెడు ఉప్పు వేసి చెంచాతో పట్టింది. అంబులెన్సు వచ్చింది, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. తిరిగి వచ్చిన రోజున ఆమె ముందు తన ఇంటికి వెళ్ళలేదు. మా గుమ్మంలో నిలబడి, అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఏదో చాలాసేపు చెప్పింది. ఒక్క మాట అర్థం కాలేదు. అనువాదం కావాలనిపించలేదు.

జూలై 26న మామ్మగారే మమ్మల్ని పాత ఊరి వీధుల్లోకి తీసుకెళ్ళింది. ఆ రోజు అన్నమ్మ పండుగ. బైబిలులో పేరు లేదు గాని, మరియమ్మ తల్లి, అంటే యేసు ప్రభువుకు అమ్మమ్మ అని సంప్రదాయం చెప్పే అన్నమ్మ. ఏటా ఆ రోజున తూర్‌లో వెల్లుల్లి, తులసి జాతి ఆకు అయిన బేసిల్ తిరునాళ్ల జరుగుతుంది. జడలల్లిన వెల్లుల్లి దండలు వీధి పొడవునా వేలాడుతున్నాయి. బాలింతకు వెల్లుల్లి కారం లేని పథ్యం ఉంటుందా? అమ్మమ్మ రెండు జడలు కొని మెడలో వేసుకుని నడిచింది. "అమ్మమ్మల పండుగకు వెల్లుల్లి! ఈ ఊరివాళ్లకు తెలుసు" అన్నది.

ఆగస్టులో ల్వార్ ఎండిపోయింది. ఆ ఏడు వానలు లేక నది సన్నగిల్లిందని టీవీలో రోజూ చెప్పేవారు. తాతయ్య తోపుడు బండిలో బిడ్డను పెట్టుకుని రోజూ పాత రాతి వంతెన వరకు వెళ్ళేవారు. ఇసుక దిబ్బలు, వాటి మధ్య పాయలు, దూరంగా కొంగలు. అచ్చం ధవళేశ్వరం దిగువన వేసవి గోదావరి. ఆ దిబ్బలమీద రేవుపిట్టలు గుడ్లు పెట్టే కాలంలో ఎవరినీ అడుగు పెట్టనివ్వరు. ఆ వంతెన పద్దెనిమిదవ శతాబ్దిలో కట్టినది. 1978లో కొన్ని కమానులు కూలిపోతే ఊరికి మంచినీళ్లు కూడా ఆగిపోయాయి, మళ్ళీ కట్టుకున్నారు. మన హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో పని మానేసింది. మనుమరాలికి తాతయ్య ఈ రెండు వంతెనల కథా చెప్పేవారు. అది నిద్రపోయేది.

తిరిగి వచ్చేటప్పుడు మ్యూజియం ఆవరణలో ఆగేవారు. 1804లో నాటిన లెబానోను దేవదారు చెట్టు అక్కడ కొమ్మలు చాచి నిలబడి ఉంటుంది. ఎదురుగా ఒక గదిలో ఫ్రిట్జ్ అనే ఏనుగు ఉంది. 1902లో సర్కసుతో ఆ ఊరు వచ్చి, అదుపు తప్పిందని చంపివేయబడి, గడ్డి కూరిన బొమ్మయి మిగిలిపోయింది. "పాపం, ఇంత దూరం వచ్చి ఇక్కడే ఉండిపోయావా?" అనేవారు తాతయ్య. మా బిడ్డ కూడా ఇక్కడే ఉండిపోతుందా అన్న దిగులు ఆ మాట వెనకాల ఉండేది.

సెప్టెంబరు వచ్చింది. మొదటి కాన్పుకు తల్లికి అక్కడ పదహారు వారాల సెలవు. అందులో ఆరు వారాలు కాన్పుకు ముందే అయిపోతాయి. మిగతా సెలవులు కలుపుకున్నా మా అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళే రోజు వచ్చింది. అప్పుడు మేము మా ఆలోచన బయటపెట్టాము. బిడ్డకు పాసుపోర్టు చేయించండి, నవంబరులో మాతో తీసుకెళ్తాము అన్నాము.

అమ్మాయి, అల్లుడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిడ్డ కడుపులో ఉండగానే క్రెష్‌లో చోటుకు దరఖాస్తు పెట్టారట. చోటు దొరకడం కష్టమట, దొరికిందట. చూడండి, మాకు ఆ ముక్క చెప్పలేదు. మేమూ మా ముక్క వాళ్లకు చెప్పలేదు. ఇద్దరమూ ఒకరికొకరు భయపడి, నాలుగు నెలలు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాము.

"మూడు నెలల పసికూనను పరాయివాళ్ల చేతిలో పెడతారా?" అన్నాము.

"నాన్నగారూ, మూడేళ్లు దాన్ని చూడకుండా ఉంటే నేను దానికి పరాయిదాన్ని అవుతాను గదా" అన్నది అమ్మాయి.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

క్రెష్‌కు మేమూ వెళ్ళాము. ఒక్కరోజులో బిడ్డను వదిలి రారు. మొదటి రోజు తల్లితో కలిసి గంట, తరువాత తల్లి పక్క గదిలో, తరువాత అరపూట. ఇలా పది రోజులు అలవాటు చేస్తారు. నడక రాని పిల్లలైతే అయిదుగురికి ఒక ఆయమ్మ. రుసుము తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఉంటుంది. బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు పడుకున్నది, సాయంత్రం రాసి చెబుతారు. తాతయ్య మాస్టారు గదా, ఆ పట్టిక చూసి కొంత మెత్తబడ్డారు. అమ్మమ్మ మెత్తబడలేదు.

అప్పుడు ఆయమ్మ ఒక వస్తువు తెమ్మన్నది. దాన్ని దూదూ అంటారు. ఇంటి వాసన ఉన్న గుడ్డో, బొమ్మో బిడ్డ దగ్గర పెట్టాలట. ఏడ్చినప్పుడు అది పట్టుకుని పడుకుంటుందట. అమ్మాయి ఇంటికొచ్చి అమ్మమ్మను అడిగింది: "అమ్మా, నీ పాత నీలం నూలు చీర ఇస్తావా? నీ ఒళ్లో పడుకున్నప్పుడు దాని అంచే పట్టుకుంటుంది."

అమ్మమ్మ మాట్లాడకుండా వెళ్ళి ఆ చీర తెచ్చి, కత్తెరతో మధ్యకు కోసింది. ఒక సగంలోంచి చేతి గుడ్డంత ముక్కలు నాలుగు చేసి అంచులు కుట్టింది. రెండవ సగం తన పెట్టెలో పెట్టుకున్నది. మరునాడు క్రెష్ గుమ్మంలో బిడ్డను ఆయమ్మకు తన చేతులతోనే అందించింది. వీధి మలుపు దాకా వచ్చి, అక్కడ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ తరువాత మళ్ళీ ఏడవలేదు.

అక్టోబరు చివర్లో కొట్లముందు ఒక్కసారిగా చామంతి కుండీలు వరుసలు తీరాయి. పసుపు, తెలుపు, ముదురు ఎరుపు. ఎన్నాళ్లకు చామంతులు చూశామని అమ్మమ్మ ప్రాణం లేచి వచ్చింది. మంచి కుండీ ఒకటి కొని, మామ్మగారికి కానుకగా పట్టుకెళ్ళాము. తలుపు తీసి చూసి ఆమె తెల్లబోయింది. అక్కడ చామంతి సమాధుల పువ్వట! నవంబరు 1న సకల పరిశుద్ధుల పండుగకు సమాధులమీద పెడతారే గాని, బతికున్న మనిషి ఇంటికి ఎవరూ తీసుకుపోరట. మన ఆడవాళ్లు జడలో పెట్టుకునే పువ్వు! అమ్మాయి పరుగున వచ్చి చెప్పేసరికి మాకు చెమటలు పట్టాయి. మామ్మగారు మాత్రం పెద్దగా నవ్వి, కోటు వేసుకుని, కుండీ తాతయ్య చేతికిచ్చి, మమ్మల్ని శ్మశానానికి తీసుకెళ్ళింది. భర్తగారి సమాధి తుడిచి, మా చామంతి అక్కడ పెట్టింది. మేమూ తల వంచి నిలబడ్డాము. మన ఊళ్లో సమాధుల పండుగనాడు కొవ్వొత్తులు పెట్టుకుని నిలబడినట్టే ఉంది.

ఆరాధనకు వెళ్ళిన సంగతి కూడా ఒక ముక్క. ఫ్రాన్సులో ప్రొటెస్టెంటుల మందిరాన్ని చర్చి అనరు, 'టాంప్ల్' అంటారు. ఆదివారం టెంపుల్‌కు వెళ్తున్నామని అమ్మమ్మ రాజమండ్రికి ఫోనులో చెబితే, మా చెల్లెలికి కంగారు పుట్టింది!

నవంబరు 11 మేము బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆ రోజు అక్కడ రెండు జ్ఞాపకాలు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు. తూర్ పట్టణానికి పరిశుద్ధ మార్టిన్ దినం కూడా. మార్టిన్ రోమా సైనికుడు. చలికాలంలో అమియేన్ అనే ఊరి గవిని దగ్గర వణుకుతున్న బిచ్చగాడిని చూసి, తన అంగీని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడని కథ. తరువాత తూర్‌కు బిషప్పు అయ్యాడు. 397లో మరణించాడు. ఆయన సమాధి ఆ ఊళ్లోనే ఉంది. ఆ అంగీని లాటిన్‌లో 'కాపెల్లా' అన్నారు. దాన్ని భద్రపరిచిన చోటు పేరే తరువాత మనమనే 'చాపెల్' అయింది.

సమాధి ఉన్న నేలమాళిగ దగ్గర అల్లుడు ఇదంతా చెబుతుంటే తాతయ్య, "అంతా ఇచ్చేయకుండా సగమే ఎందుకిచ్చాడో?" అన్నారు.

"తనకూ చలి వేస్తుంది గదా" అన్నది అమ్మమ్మ. మేము బిడ్డ చేతిలోని నీలం గుడ్డ వంక చూశాము. ఎవరమూ ఇంకేమీ అనలేదు.

బిడ్డ లేకుండానే తిరిగి వచ్చాము. రైలుస్టేషనుకు మామ్మగారు కూడా వచ్చింది. మేము వెళ్ళాక వారానికి రెండు సాయంత్రాలు క్రెష్ నుండి బిడ్డను ఆమే తెస్తానన్నది. క్రెష్‌లో కాగితంమీద ఆమె పేరు రాయించి ఒప్పించారు. మొదట వద్దనుకున్న ఆ 'పరాయివాళ్లు' అనే మాట మా నోట మళ్ళీ రాలేదు.

పిల్లల పురుళ్లకు పై దేశాలు వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వారికి మా అనుభవంలోనుండి రెండు మాటలు. మనసులోని ఆలోచన విమానం దిగిన రోజే చెప్పేయండి. నాలుగు నెలలు దాచుకోవద్దు. మీ పెట్టెలోని పాత అలవాట్లలో ఏది ఉంచాలో, ఏది తీయాలో బిడ్డ తల్లిని తేల్చనివ్వండి. ఆమె తీసినవాటికన్నా ఉంచినవే ఎక్కువని తరువాత తెలుస్తుంది.

మా మనుమరాలు 2025 సెప్టెంబరులో బడిలో చేరింది. అక్కడ మూడేళ్లు నిండితే బడి తప్పనిసరి. ఫోనులో కనిపించగానే ముందు బోంజూర్ అనాలి, లేకపోతే మాట్లాడదు. ఆ తరువాత "అమ్మమ్మా" అని తెలుగులోకి వస్తుంది. ఇక్కడ మే నెల ఎండలు ముదిరినప్పుడల్లా మామ్మగారు మా అమ్మాయిని ఒకటే అడుగుతుందట: రాజమండ్రిలో వాళ్లు మజ్జిగ తాగుతున్నారా, సాయంత్రం కిటికీలు తెరిచారా అని.

తెరిచామని చెప్పమంటాము.